బడిలో పిల్లలు ఎలా ఉన్నారో తెలుసుకునే సర్వే ఎలా చేయాలి?

సర్వే చేయాలనుకునే హెచ్ఎంలు, ఎంఈఓలు, స్కూల్ కమిటీ సభ్యులు ప్రశ్నల జోలికి వెళ్లకముందే ఒక పని చేయండి. జవాబులు వచ్చాక మీ స్థాయిలో ఏమేం మార్చగలరో ఒక కాగితం మీద రాసుకోండి. గడియ పడని బాత్రూమ్ తలుపు, మధ్యాహ్న భోజనం లైన్లో పెద్ద పిల్లల తోపులాట, ఆర్టీసీ బస్సు వచ్చేదాకా గేటు బయట నిలబడాల్సి వచ్చే ఆడపిల్లలు, అందరి ముందూ మార్కులు చదివి అవమానించే అలవాటు. వీటిని మార్చడానికి పైనుంచి జీవో రానక్కర్లేదు. మార్చే ఉద్దేశం లేని విషయాన్ని మాత్రం అడగొద్దు, ఎందుకంటే పిల్లలు ఒకసారి నిజం రాసి ఏమీ జరగలేదని చూశారంటే మరుసటి ఏడాది అందరూ "బాగుంది" దగ్గర టిక్ పెట్టేసి వెళ్లిపోతారు, ఆ తర్వాత ఎన్ని సర్వేలు పెట్టినా మీకు తెలిసేదేమీ ఉండదు.

ఇందులో రెండు సంగతులు కలిసి ఉంటాయి. ఒకటి బడి వాతావరణం: భద్రత, టీచర్లతో సంబంధం, తోటి పిల్లలతో సంబంధం, శుభ్రత. రెండోది పిల్లల మనసు: నిద్ర, దిగులు, భయం, ఉత్సాహం. అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్టులు ఈ పని చాలా ఏళ్లుగా చేస్తున్నాయి, అక్కడి విద్యాశాఖ తయారుచేసి ఉచితంగా ఇచ్చిన ప్రశ్నావళిలో పిల్లలకూ, సిబ్బందికీ, తల్లిదండ్రులకూ వేర్వేరు ఫారాలు ఉన్నాయి. మన దగ్గర ఎన్‌సీఈఆర్‌టీ 2022 జనవరి నుంచి మార్చి వరకు 6 నుంచి 12 తరగతుల పిల్లల్ని అడిగింది. దాదాపు 3.79 లక్షల మంది రాశారు, వాళ్లలో 81 శాతం మంది తమ టెన్షన్‌కు కారణం చదువు, పరీక్షలు, రిజల్ట్స్ అన్నారు. ఆ సర్వేలో పేరు రాయడం తప్పనిసరి కాదు. మీ సర్వేలోనూ ఆ ఒక్కటి మాత్రం వదులుకోవద్దు.

అనుమతులు

ప్రభుత్వ బడి అయితే ఎంఈఓ ద్వారా డీఈఓ ఆఫీసుకు లెటర్ పెట్టండి, ప్రశ్నావళి కాపీ జతచేయండి. స్కూల్ కమిటీ మీటింగులో చెప్పి తీర్మానం రాయించుకోండి. కేజీబీవీ, గురుకులం, ప్రైవేటు హాస్టల్ అయితే వాళ్ల యాజమాన్యం అనుమతి కావాలి.

ఇంటికి ఒక పేజీ కాగితం పంపండి. సర్వే దేనికి, ఏం అడుగుతాం, పేరు రాయించం, ఇష్టం లేకపోతే మీ బిడ్డ రాయనక్కర్లేదు, ప్రశ్నలు చూడాలంటే ఆఫీసు రూములో ఉన్నాయి. ఇంతే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని వాళ్లంతా పిల్లలే. పేరు, ఫోన్ నంబర్ లాంటి వివరాలు ఆన్‌లైన్లో తీసుకుంటే తల్లిదండ్రుల సమ్మతి తీసుకోండి. కాగితం మీద పేరు లేకుండా రాయించినా ఇంట్లో చెప్పి చేయడమే పద్ధతి. నెల్లూరు జిల్లా ఉదయగిరి, సీతారామపురం లాంటి మెట్ట మండలాల్లో అమ్మానాన్నలు పనుల కోసం వేరే ఊళ్లకు వెళ్లి, పిల్లలు అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర ఉండే ఇళ్లు తక్కువేం కాదు. అలాంటి చోట కాగితం పంపి ఊరుకోకుండా ఫోన్ చేసి రెండు మాటల్లో చెప్పండి. చదువు రాని పెద్దావిడ చేత వేలిముద్ర వేయించుకున్నంత మాత్రాన ఆవిడ ఒప్పుకున్నట్టు కాదు కదా.

ప్రశ్నలు: ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి

25 దాటనివ్వొద్దు. ఆరో తరగతి పిల్లలకు 15 చాలు. అన్నీ సొంతంగా రాసుకోనక్కర్లేదు, ఇప్పటికే పరీక్షించిన ప్రశ్నావళులు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుతో ఉన్న డబ్ల్యూహెచ్ఓ-5 అనేది అయిదే ప్రశ్నలు, గడిచిన రెండు వారాల్లో మనసు ఎలా ఉందో అడుగుతుంది. ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు, మొత్తాన్ని 4తో గుణిస్తే 100కు ఎంతో వస్తుంది. 50 కంటే తక్కువ వస్తే ఆ పిల్లల సంగతి ఇంకొంచెం దగ్గరగా చూడాలని అర్థం, జబ్బు ఉందని మాత్రం కాదు. ఎస్‌డీక్యూ అని పిల్లల బలాలు, ఇబ్బందులు అడిగే 25 వాక్యాల ప్రశ్నావళి ఇంకోటి ఉంది, 11 నుంచి 17 ఏళ్ల పిల్లలు సొంతంగా నింపుకునే ఫారం అందులో ఉంది. అయితే దానికి కాపీరైట్ ఉంది, మాటలు మార్చడానికి గానీ సొంతంగా ఆన్‌లైన్ ఫారం చేసుకోవడానికి గానీ వీల్లేదు.

బడి వాతావరణం ప్రశ్నలు మాత్రం మీ బడిని చూసి మీరే రాసుకోవాలి. పిల్లలు మాట్లాడుకునే తెలుగులో రాయండి. ఇలా ఉంటే చాలు:

"నాకు కష్టం వస్తే చెప్పుకోవడానికి ఈ బడిలో పెద్దవాళ్లు ఒక్కరైనా ఉన్నారు."
"బడిలో బాత్రూమ్‌కు వెళ్లడానికి నాకు ఇబ్బందిగా ఉంటుంది."
"గత నెల రోజుల్లో తోటి పిల్లలు నన్ను కులం పేరుతో ఎగతాళి చేశారు."
"గత నెల రోజుల్లో బడిలో ఎవరైనా టీచర్ నన్ను కొట్టారు."
"బడికి వచ్చే దారిలో నాకు భయంగా ఉంటుంది."

చివరి నుంచి రెండోదాన్ని తీసేయమని స్టాఫ్ రూములో కచ్చితంగా అంటారు. తీయకండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009లోనే నిషేధించింది, కాబట్టి ఇది ఒక టీచర్ మీద ఫిర్యాదు కాదు, చట్టం మన బడిలో అమలవుతోందా లేదా అన్న ప్రశ్న. టీచర్ పేరు అడగం, సబ్జెక్టు అడగం. ఇదే మాట సర్వేకు ముందు స్టాఫ్ మీటింగులో చెప్పండి. టీచర్లకు కూడా ఒక చిన్న ఫారం ఇవ్వండి, వాళ్ల పని భారం, వాళ్ల మనసు గురించి అడగండి. ఆన్‌లైన్ ఎంట్రీలతో, యాప్‌లతో విసిగిపోయిన టీచర్‌కు తన మాట కూడా అడిగారని తెలిస్తే పిల్లల జవాబుల్ని చూసే తీరు మారుతుంది.

ఒక వాక్యంలో ఒక్క సంగతే ఉండాలి. "టీచర్లు బాగా చెబుతారు, ప్రేమగా ఉంటారు" అని కలిపి రాస్తే బాగా చెప్పి కసురుకునే టీచర్ విషయంలో పిల్లవాడు ఎక్కడ టిక్ పెట్టాలి? ఇక "అవును, కాదు" అన్న జవాబులకంటే "ఎప్పుడూ లేదు, ఒకటి రెండుసార్లు, చాలాసార్లు, దాదాపు రోజూ" అన్నవి మేలు. ఒక్కసారి జరిగిన ఎగతాళికీ రోజూ జరిగే వేధింపుకీ తేడా అప్పుడే తెలుస్తుంది.

ఫారం పైన తరగతి, ఆడా మగా, ఇంతవరకే. ఊరు, కులం, హాస్టలా డే స్కాలరా అన్నీ అడిగారంటే పేరు రాయించకపోయినా ఆ బిడ్డ ఎవరో తెలిసిపోతుంది. తొమ్మిదో తరగతిలో యానాది ఇళ్ల నుంచి వచ్చే అమ్మాయి ఒక్కతే ఉన్న బడిలో ఆ ఒక్క టిక్కుతో దొరికిపోతుంది. ఆ విషయం ఆ అమ్మాయికి మనకంటే ముందే తెలుసు, అందుకే నిజం రాయదు.

ఫారం తయారయ్యాక జిరాక్స్‌కు పంపకండి. పక్క బడిలో ఓ ఆరేడుగురు పిల్లల్ని కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్న చదివించి "ఇది ఏం అడుగుతోందమ్మా?" అని అడగండి. వాళ్లు చెప్పేది మీరు అనుకున్నది కాకపోతే ప్రశ్న మార్చండి. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఒక పేజీ తెలుగు ఉంటున్నా మనసులో మాట మాత్రం ఇంట్లో మాట్లాడే భాషలోనే వస్తుంది. నెల్లూరు టౌన్‌లో ఉర్దూ మీడియం బడులు ఉన్నాయి, అక్కడ ఉర్దూ ఫారమే ఇవ్వాలి.

ఎప్పుడు పెట్టాలి

పరీక్షల వారం వద్దు, రిజల్ట్స్ వారం వద్దు. అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుపాన్ల టైము, సెలవులు ఎప్పుడు ఇస్తారో తెలియదు, ఇల్లు మునిగిన పిల్లవాడి జవాబులో బడి సంగతి కనిపించదు. ఒంటిపూట బడులు మొదలైతే ఎవరికీ ఓపిక ఉండదు. కలిగిరి, కొండపి వైపు పొగాకు బ్యారన్ల (ఆకు కాల్చే గదుల) పని జోరుగా ఉండే రోజుల్లో కొందరు పిల్లలు బడికే రారు. అన్నీ చూసుకుంటే ఆగస్టు బాగుంటుంది, బడి తెరిచి రెండు నెలలవుతుంది, పిల్లలకు చెప్పడానికి అనుభవం ఉంటుంది, ఏడాదిలో సరిచేసుకోవడానికి మీకు టైమూ ఉంటుంది. సర్వే రోజున రానివాళ్ల కోసం వారం లోపల ఇంకో రోజు పెట్టండి. తరచూ బడి మానేసే పిల్లల మాటే మనకు అన్నిటికంటే ముఖ్యం, వాళ్లను వదిలేసి లెక్కలు వేస్తే బడి ఉన్నదానికంటే బాగా కనిపిస్తుంది.

ఆ రోజు క్లాసులో

క్లాస్ టీచర్ పెట్టకూడదు. పక్క బడి నుంచి ఒక టీచర్‌ను పిలిపించుకోండి, మీ బడి నుంచి ఒకరు అక్కడికి వెళ్తారు. బెంచీకి ఇద్దరికి మించి కూర్చోబెట్టొద్దు, గది చాలకపోతే వరండాలో దూరదూరంగా కూర్చోబెట్టండి. తిరుగుతూ పేపర్లలోకి తొంగిచూడొద్దు. చదవడం కష్టమైన పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు కాబట్టి వాళ్లను విడిగా లేపకుండా ప్రతి ప్రశ్ననూ అందరికీ గట్టిగా రెండుసార్లు చదవండి. అందరికీ ఒకే రంగు పెన్ను ఇవ్వండి.

మొదలుపెట్టే ముందు ఈ మాటలు చెప్పండి, ఉన్నదున్నట్టు చదివినా ఫర్వాలేదు: "పిల్లలూ, ఇది పరీక్ష కాదు, మార్కులు లేవు. పేరు రాయొద్దు, రోల్ నంబర్ రాయొద్దు. ఇష్టం లేని ప్రశ్న వదిలేయండి. అసలు రాయాలని లేకపోతే ఖాళీ కాగితమే మడిచి డబ్బాలో వేయండి, ఎందుకు రాయలేదని ఎవరూ అడగరు. మీ కాగితాలు మీ సార్లు, మేడమ్‌లు చూడరు. అన్నీ కలిపి లెక్కలు కట్టి, ఏం తెలిసిందో నెల లోపల మీకే చెబుతాం."

కాగితాలు క్లాస్ లీడర్ వసూలు చేయకూడదు. తాళం వేసిన డబ్బా ఒకటి పెట్టండి, పిల్లలే మడిచి వేస్తారు. కాగితం కాకుండా గూగుల్ ఫారం వాడితే ఈమెయిల్ తీసుకునే ఆప్షన్, ఒక్కరు ఒక్కసారే నింపాలన్న ఆప్షన్ రెండూ ఆపేయండి, రెండోదానికి కూడా లాగిన్ కావాలి. ఇంటికి లింకు పంపి నింపమంటే పక్కన నాన్న కూర్చుని ఉంటాడని గుర్తుంచుకోండి.

కష్టంలో ఉన్న బిడ్డ దొరికితే

పేరు లేని కాగితంలో "నాకు బతకాలని లేదు" అని కనిపిస్తే మీరు ఎవరి దగ్గరికి వెళ్తారు? అందుకే పేరు లేని సర్వేలో చావు గురించి, లైంగిక వేధింపుల గురించి నేరుగా అడగొద్దు. దానికి బదులు ఫారంతో పాటు అందరికీ ఇంకో చిన్న చీటీ ఇవ్వండి. దాని మీద రెండే గడులు: "నాతో ఎవరైనా మాట్లాడితే బాగుంటుంది", "అవసరం లేదు". మాట్లాడాలనుకున్నవాళ్లు మాత్రమే పేరు రాస్తారు, కానీ చీటీ అందరూ మడిచి వేయాలి, అప్పుడే ఎవరు రాశారో పక్కవాళ్లకు తెలియదు. ఆ చీటీల డబ్బా వేరే. దాన్ని అదే రోజు, బడి వదిలేలోపు తెరవాలి. రేపు చూద్దామని ఇంటికి వెళ్లకండి.

చీటీ వేసిన పిల్లలతో ఎవరు మాట్లాడాలన్నది ముందే తేల్చుకోండి. విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది, 100 మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న సంస్థల్లో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలన్నది అందులో ఒకటి. మీ బడికి ఇంకా కౌన్సెలర్ లేకపోతే పిల్లలు నమ్మే టీచర్ ఒకరిని పెట్టి, మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416 నంబరుకు ఆ టీచర్‌తోనే ముందుగా ఒకసారి మాట్లాడించండి. ఆ నంబరూ, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరూ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఇంకా వైద్యం అవసరమైతే నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో సైకియాట్రీ డాక్టర్లు ఉంటారు.

బిడ్డ లైంగిక వేధింపు గురించి చెబితే దాన్ని బడి లోపల సర్దుబాటు చేయడానికి లేదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే, తెలిసి దాచిపెట్టడం నేరం. అందుకే "ఎవరికీ చెప్పను" అని ఏ బిడ్డకూ మాట ఇవ్వకండి. "నీకు సాయం చేయడానికి చెప్పాల్సినవాళ్లకే చెబుతాను, ముందు నీకు చెప్పే చేస్తాను" అనండి.

లెక్కలు, తర్వాత పని

ఎక్సెల్ వచ్చినవాళ్లు ఒక్కరుంటే చాలు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో జవాబు ఎంతమంది ఇచ్చారో చూడండి, తరగతిని బట్టి, ఆడా మగా బట్టి విడదీయండి, కానీ ఒక గుంపులో పది మంది కంటే తక్కువ ఉంటే ఆ అంకె బయటపెట్టొద్దు. సగటు చూసి ఆగిపోవద్దు. 180 మంది రాసిన బడిలో 165 మంది "భయం లేదు" అంటే బాగానే ఉందనిపిస్తుంది, మిగిలిన 15 మందీ ఆరో తరగతి ఆడపిల్లలే అయితే అసలు సమస్య అక్కడుంది. బడికీ బడికీ ర్యాంకులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి, మండల స్థాయిలో చేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ర్యాంకు ఇస్తారని తెలిసిన హెచ్ఎం పిల్లలకు ముందే జవాబులు నేర్పిస్తారు.

లెక్కలు అయ్యాక కాగితాలు బీరువాలో తాళం వేసి ఉంచి, విద్యా సంవత్సరం చివర చించి కాల్చేయండి.

నెల లోపల ప్రార్థన సమయంలో పిల్లలకు మూడు సంగతులు చెప్పండి: ఏం తెలిసింది, ఏం మారుస్తున్నాం, ఏది ఇప్పుడు మార్చలేం, ఎందుకు. గడియ ఒకటి కొత్తది వేయించినా "మీరు రాశారు కాబట్టి వేయించాం" అని చెప్పండి. తల్లిదండ్రులకు పీటీఎంలో చెప్పండి, ఒక ఏ4 కాగితం మీద రాసి నోటీసు బోర్డుకు అంటించండి. జనవరిలో సంక్రాంతి సెలవుల తర్వాత ముఖ్యమైన అయిదారు ప్రశ్నలే, మాటలు మార్చకుండా, మళ్లీ ఒకసారి అడగండి. ఆగస్టులో బాత్రూమ్‌కు వెళ్లడం ఇబ్బంది అన్న పిల్లల సంఖ్య తగ్గకపోతే ఆ గడియ చాలలేదన్నమాట, నీళ్లు రావడం లేదేమో, అక్కడ ఎవరైనా కాపు కాస్తున్నారేమో, ఈసారి వెళ్లి ఆ పిల్లల్నే అడగండి.