గోలీలకు లొంగని డిప్రెషన్: స్టడీలో చేరాలంటే ముందు పాత మందుల చిట్టీలు వెతకండి

మా అన్నను డిప్రెషన్ మందును మనుషుల మీద పరీక్షించే స్టడీ కోసం పట్నం తీసుకెళ్లిన రోజు, నల్లగొండలో చీకటితోనే బస్సెక్కి దవాఖానకు చేరాం గానీ, అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నకే నోరు మెదపలేకపోయాం. ఏ గోలీ, ఎంత డోసు, ఎన్ని వారాలు వాడాడు? చిట్టీలేమో ఇంట్లో బీరువా మీద. ఛార్జీలు దండగ.

మందులకు లొంగని డిప్రెషన్ అని డాక్టర్లు మామూలుగా ఎప్పుడంటారంటే, కనీసం రెండు మందులు సరైన డోసులో, ఒక్కొక్కటి 6 నుంచి 8 వారాలు వాడినా తగ్గనప్పుడు. పది రోజులు వేసుకుని "ఒకటే నిద్రొస్తుంది" అని పడేసిన గోలీ ఆ లెక్కలోకి రాదు. చిట్టీలు పోతే మందుల షాపు బిల్లులు, ఖాళీ షీట్లు, ఏవి దొరికితే అవి ఒక సంచిలో వేసుకోండి. ఇంకోటి, స్టడీకి పనికొస్తుందని ఉన్న మందును మీ అంతట మీరు ఆపొద్దు, తల తిరుగుతుంది, చిరాకు పెరుగుతుంది, జబ్బు తిరగబెట్టొచ్చు కూడా.

స్టడీ నిజమైనదేనా అని చూడటానికి సీటీఆర్ఐ (ఇలాంటి స్టడీలను, అంటే క్లినికల్ ట్రయల్స్‌ను నమోదు చేసే సర్కారు రిజిస్ట్రీ) వెబ్‌సైట్ ఉంది, పైసా ఖర్చు లేదు. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి క్లినికల్ ట్రయల్స్ అక్కడ రిజిస్టర్ చేయడం తప్పనిసరి. ఎవరైనా "నేను చేర్పిస్తా" అంటే రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, నసిగితే వచ్చిన దారిన వెళ్లిపోండి.

సంతకానికి తొందరపడొద్దు. సమ్మతి కాగితాలు తెలుగులో అడగండి, ఇంటికి తెచ్చుకుని చదవండి, ఒక కాపీ మీ దగ్గరే ఉండాలి. అందులో ఎథిక్స్ కమిటీ (స్టడీలో చేరినవాళ్ల బాగోగులు, హక్కులు చూసే కమిటీ) ఫోన్ నంబర్ ఉందో లేదో చూడండి. మీకు అసలు మందే ఇస్తారన్న గ్యారంటీ లేదు, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి డోసు) పడొచ్చు, ఏది పడిందో ఇచ్చే డాక్టరుకు కూడా తెలియకపోవచ్చు. ఇది మాకు మింగుడుపడటానికి రెండు రోజులు పట్టింది. స్టడీ వల్ల ఏమైనా అయితే వైద్యం ఎవరు చేయిస్తారు, దారి ఖర్చులు ఇస్తారా, అన్నీ మొహమాటం లేకుండా అడగండి.

ముక్కులో కొట్టే ఎస్కెటమిన్ లాంటి మందైతే (అమెరికాలో 2019లో అనుమతి వచ్చింది) డోసు తర్వాత కనీసం 2 గంటలు అక్కడే కూర్చోబెట్టి బీపీ చూస్తారు, మర్నాటి దాకా బండి నడపకూడదు. కాబట్టి మిర్యాలగూడ నుంచి బైక్ మీద పోదామనుకోకండి, తోడు ఒకరిని తీసుకెళ్లండి. స్టడీ ఎర్రగడ్డ వైపయితే ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగి మెట్రో ఎక్కితే నేరుగా అక్కడే దిగొచ్చు, పాలమూరు వాళ్లు ఎంజీబీఎస్‌లో ఎక్కినా అదే లైను.

ఇవన్నీ తేలేలోపు చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తే స్టడీ సంగతి పక్కన పెట్టి వెంటనే దగ్గర్లోని దవాఖానకు వెళ్లండి, సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఏ టైమ్‌లోనైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

నచ్చకపోతే స్టడీని మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు. మా అన్న మూడో విజిట్ తర్వాత "ఇక నాతో కాదు" అన్నాడు. ఎవరూ నిలదీయలేదు, మందు మెల్లగా ఎట్లా తగ్గించాలో మాత్రం రాసిచ్చి పంపారు, ఆ కాగితం కూడా ఇప్పుడు చిట్టీల సంచిలోనే ఉంది.