పెరట్లోకి కయోటీ వస్తే

భోజనానికి ముందు కాకికి ఓ ముద్ద పెట్టడం మా అమ్మకు అలవాటు. నరసరావుపేట నుంచి మొదటిసారి డాలస్ వచ్చినప్పుడూ మానలేదు. పప్పూ నెయ్యీ కలిపిన ముద్ద రోజూ వెనక ఫెన్స్ పక్కన పెట్టేది. రెండో వారంలో అడిగింది: "ఏమే, పక్కింటివాళ్లు కుక్కకి తిండి పెట్టరా? ఎండిపోయింది పాపం. రోజూ వచ్చి మన అన్నం తినిపోతోంది."

పక్కింటివాళ్లకు కుక్క లేదు.

మా ఇళ్ల వెనక చిన్న క్రీక్, అంటే వాగు ఉంది. అందులోంచి వచ్చేది కయోటీ, ఇక్కడి నక్కలాంటి అడవి జంతువు. ఇక్కడ కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది దాన్ని కుక్క అనుకుంటారు, లేదంటే తోడేలని హడలిపోతారు. టెక్సాస్‌లో ఇప్పుడు అడవి తోడేళ్లు లేవు. కాబట్టి వాట్సాప్ గ్రూపులో ఆ మాట పెట్టి అందరికీ టెన్షన్ తేకండి.

ముందు తోక చూడండి. కుక్క పరుగెత్తేటప్పుడు తోక మామూలుగా పైకి లేస్తుంది. కయోటీ తోక కిందికే వాలి ఉంటుంది, కుచ్చులా ఒత్తుగా, చివర నల్లగా. మొహానికి మించిన నిక్కపొడుచుకున్న చెవులు, సన్నటి మూతి, పసుప్పచ్చ కళ్లు. చలికాలం బొచ్చుతో భారీగా కనిపిస్తుంది కానీ తూకం వేస్తే పదిహేను కిలోల అటూ ఇటూ. కిటికీలోంచి తేరిపార చూసి అమ్మ, "నక్కే ఇది, కాళ్లు పొడుగంతే" అని తేల్చేసింది. పెద్ద తప్పేం కాదు, మన నక్కా ఇదీ ఒకే ప్రజాతివి.

తోక కొస తెల్లగా, ఒళ్లు ఎర్రగా ఉంటే అది రెడ్ ఫాక్స్. బూడిదరంగు ఒళ్లు, తోక మీద పొడవునా నల్లచార ఉంటే గ్రే ఫాక్స్, అది చెట్టు కూడా ఎక్కుతుంది. మొండితోక, మచ్చలు ఉంటే బాబ్‌క్యాట్, అది పిల్లిజాతి. రాత్రి ఊళలు విని పది పన్నెండు ఉన్నాయనుకోకండి. రెండే గొంతులు మార్చి మార్చి అరిచినా గుంపులా వినిపిస్తుంది.

అసలు పని తిండి ఆపడం. కుక్కకీ పిల్లికీ గిన్నె బయట వదలొద్దు. రాలిన పళ్లు ఏరేయాలి. పిట్టల కోసం వేలాడదీసే గింజలు కింద రాలితే ఎలుకలొస్తాయి, వాటి వెనకే ఇదీ వస్తుంది. చెత్తబుట్ట రాత్రి కాకుండా పొద్దున్నే బయట పెట్టండి. ఇవన్నీ ఒక్కరోజులో చేసేశాను. అమ్మకు కాకి ముద్ద వద్దని చెప్పడానికే వారం పట్టింది. చివరికి రాజీ: ముద్ద పెట్టి పది నిమిషాలు అక్కడే కూర్చోవాలి, కాకి రాకపోతే తిరిగి లోపలికి తేవాలి.

ఎదురైతే పరుగెత్తొద్దు, వీపు చూపించొద్దు. చేతులు పైకెత్తి గట్టిగా అరవండి. అమ్మ ఆయుధం స్టీలు పళ్లెం, పప్పుగరిటె. మొదటి మోతకు అది పది అడుగులు వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగి చూసింది. చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపితే ఈ మనుషులు కాసేపు అరిచి ఊరుకుంటారని దానికి అర్థమైపోతుంది. కనుమరుగయ్యేదాకా వాయించాలి. పారిపోయే దారి మాత్రం మూయకండి.

దీనికి మినహాయింపు ఉంది. మార్చి నుంచి మే దాకా పిల్లలు పెట్టే కాలం. వాకింగ్‌లో కొంత దూరం మీ వెనకే వస్తే గూడు దగ్గర్లో ఉందని అర్థం, మిమ్మల్ని సాగనంపుతోంది. అప్పుడు గొడవ చేయకుండా, దాని వైపే చూస్తూ నెమ్మదిగా తప్పుకోండి. చిన్న కుక్క ఉంటే ఎత్తుకోండి. చిన్నపిల్లలు ఉంటే మీ పక్కనే ఉంచుకోండి.

మనిషి మీదికి రావడం అరుదే, కానీ లేకపోలేదు. 2018 చివర్లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో జాగింగ్ చేసేవాళ్ల మీద వరసగా దాడులు జరిగాయి. మీరు అరిచినా అది కదలకపోతే, లేదా తూలుతూ నడుస్తుంటే సిటీ యానిమల్ సర్వీసెస్‌కు ఫోన్ చేయండి. మీదికి వస్తే 911. కరిస్తే సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. రేబిస్ తగ్గించడానికి టెక్సాస్‌లో 1995 నుంచి విమానాల్లోంచి వ్యాక్సిన్ ఎరలు జారవిడిచారు, కయోటీల్లో వ్యాపించే రకం పోయింది. గబ్బిలాల్లో, స్కంకుల్లో (కంపు చిమ్మే చిన్న జంతువులు) రేబిస్ ఇంకా ఉంది, వాటి నుంచి దీనికి సోకొచ్చు. అందుకే ఇంజెక్షన్ల విషయంలో బేరాలొద్దు.

ఆ పళ్లెం ఇప్పుడు వెనక తలుపు పక్కన మేకుకు వేలాడుతోంది. నిండా సొట్టలు. అమ్మ దాన్ని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.