రోజుకు పదిసార్లు "ఎస్" నొక్కించే కంప్యూటర్: ఎక్కడ తేడా కొట్టింది, ఎలా సరిచేయాలి

మా ఊళ్లో తెలిసినవాళ్ల డీటీపీ సెంటర్లో నాలుగు కంప్యూటర్లున్నాయి, వాటి బాగోగులు నేనే చూస్తుంటాను. పెళ్లిళ్ల సీజన్లో ఓ సాయంత్రం అక్కడ కూర్చుని ఉన్నాను. టైపింగ్ చేసే కుర్రాడు కస్టమర్‌తో శుభలేఖ ప్రూఫ్ గురించి మాట్లాడుతూనే ఒక ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేశాడు, తెరంతా మసకబారి మధ్యలో బాక్స్ వచ్చింది, వాడు మాట ఆపలేదు, తల కూడా తిప్పలేదు, ఎడమచేత్తో ఆల్ట్, వై కొట్టి "ఎస్" అనేశాడు. "ఏమడిగిందిరా అది?" అంటే "ఏమో అన్నా, రోజూ అడుగుతుందిగా" అన్నాడు.

వాడిని తప్పుపట్టలేం. రోజుకు పదిసార్లు అదే ప్రశ్న వస్తే ఎవరి చెయ్యైనా అలాగే అలవాటు పడుతుంది, పదకొండోసారి అడిగింది వైరస్ అయినా అదే కీ కొడుతుంది. నాకు భయం వేసేది అక్కడే. ఓనర్ గారు "ఆ బాక్సులు మొత్తం రాకుండా తీసేయ్" అన్నారు, నేను ఒప్పుకోలేదు. అనవసరంగా వచ్చే ప్రతి బాక్సుకీ ఒక కారణం ఉంటుంది, ఆ కారణం తీసేస్తే అది దానంతటదే ఆగిపోతుంది, ఇక మిగిలిన ఒకటో రెండో వచ్చినప్పుడు మనిషి ఆగి చదువుతాడు. ఆ సెంటర్లోనూ, ఇంకో రెండు మూడు ఆఫీసుల్లోనూ నేను చూసినవి చూసినట్టు రాస్తున్నాను.

సమస్య: ఒకే ప్రోగ్రాం, తెరిచిన ప్రతిసారీ పర్మిషన్ అడుగుతోంది

కారణం తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇంట్లో, షాపులో దాదాపు అందరూ అడ్మినిస్ట్రేటర్‌గానే, అంటే ఏదైనా మార్చే హక్కుతోనే లాగిన్ అయ్యేవాళ్లు, ఏ ప్రోగ్రాం అయినా సి డ్రైవ్‌లో ఎక్కడ పడితే అక్కడ రాసేసుకునేది, అడిగే నాథుడు లేడు. 2007లో విండోస్ విస్టాతో యూజర్ అకౌంట్ కంట్రోల్ వచ్చింది. అప్పట్నుంచి మీరు అడ్మిన్ అయినా ప్రోగ్రాములు మామూలు హక్కులతోనే నడుస్తాయి, విండోస్ ఫోల్డర్‌నో ప్రోగ్రామ్ ఫైల్స్‌నో విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో అందరికీ సంబంధించిన భాగాన్నో మార్చాలంటే మాత్రం తెర మసకబరిచి మిమ్మల్ని అడుగుతుంది. జనం బాగా విసుక్కున్నారు. 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆర్ఎస్ఏ అనే కంప్యూటర్ భద్రత సదస్సులో మైక్రోసాఫ్ట్ మేనేజర్ డేవిడ్ క్రాస్ అయితే అది జనాన్ని విసిగించడానికే పెట్టామని చెప్పేశాడు, జనం విసుక్కుంటే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు తమ పద్ధతి మార్చుకుంటారని వాళ్ల లెక్క. చాలామంది మార్చుకున్నారు కూడా. ఇబ్బంది ఎక్కువగా మన డీటీపీ సెంటర్లలో, లెక్కల ఆఫీసుల్లో ఇంకా నడుస్తున్న పాత సాఫ్ట్‌వేర్లతోనే. పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అప్పటికి ఈ బాక్స్ అనే ఊహే లేదు.

పరిష్కారం. ముందు ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ చూడండి. "రన్ దిస్ ప్రోగ్రామ్ యాజ్ యాన్ అడ్మినిస్ట్రేటర్" దగ్గర టిక్ ఉందా? నేను చూసినవాటిలో సగం ఇక్కడే దొరికాయి. ఎప్పుడో ఎవరో మెకానిక్ వేరే సమస్యకు ఆ టిక్ పెట్టి వెళ్లిపోతాడు, అది అలాగే ఉండిపోతుంది. టిక్ తీసి ప్రోగ్రాం తెరవండి. పనిచేస్తే అయిపోయినట్టే.

ఇక్కడ ఒక్క జాగ్రత్త, దీనితో నేను ఒక పూటంతా టెన్షన్ పడ్డాను. ఒక ఆఫీసులో టిక్ తీయగానే బిల్లింగ్ ప్రోగ్రాంలో కొత్త బిల్లులు సరిగ్గానే ఎక్కాయి కానీ మరో లాగిన్‌లో తెరిస్తే అవి లేవు. పోలేదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయడానికి హక్కు లేని పాత 32 బిట్ ప్రోగ్రాములను విండోస్ చెప్పాపెట్టకుండా ఇంకో చోట రాయిస్తుంది, ఆ యూజర్ ఫోల్డర్లో, యాప్‌డేటాలో లోకల్ లోపల వర్చువల్‌స్టోర్ అని ఉంటుంది, ఎవరి లాగిన్‌కు వాళ్లకి వేరేగా. అందుకని టిక్ తీసేముందే డేటాకు బ్యాకప్ తీసుకోండి, ప్రోగ్రాం సెట్టింగుల్లో డేటా ఫోల్డర్ మార్చుకునే వీలుంటే డి డ్రైవ్‌లో మామూలు ఫోల్డర్‌కు మార్చేయండి. మార్చే వీల్లేదంటే, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఆ ప్రోగ్రాం డేటా ఉన్న లోపలి ఫోల్డర్ ఒక్కదానికే సెక్యూరిటీ ట్యాబ్‌లో యూజర్స్‌కు మాడిఫై హక్కు ఇవ్వండి. మొత్తం ఫోల్డర్‌కు ఇచ్చారంటే ఏ వైరస్ అయినా ఆ ప్రోగ్రాంనే మార్చేయగలదు, అది చేయొద్దు.

టిక్ లేకపోయినా అడుగుతోందంటే ప్రోగ్రాం తయారీలోనే అడ్మిన్ కావాలని రాసి ఉంటుంది. అమ్మినవాళ్లని కొత్త వెర్షన్ అడగడం మంచిది.

ఓనర్ గారు బాక్సులు మొత్తం తీసేయమన్నారు కదా, అవి ఎంత తరచుగా రావాలో పెట్టే స్లైడర్ సంగతి: 2009లో విండోస్ 7తో నాలుగు మెట్ల స్లైడర్ వచ్చింది, పై నుంచి రెండోది మామూలుగా ఉండేది, అదే ఉంచండి. మూడోది కూడా అదే పని చేస్తుంది కానీ తెర మసకబారదు. ఆ మసకే కదా చిరాకు అనిపిస్తుంది, కానీ తెర మసకబారినప్పుడు వేరే ప్రోగ్రాం ఏదీ మన తరఫున "ఎస్" నొక్కలేదు, దాని ఉపయోగం అదే. అట్టడుగు మెట్టు బాక్సుల్ని పూర్తిగా ఆపేస్తుంది, దాని జోలికి అసలు పోవద్దు.

సమస్య: అన్నిచోట్లా తెలుగు పడుతోంది, ఒక్క డీటీపీ ప్రోగ్రాంలో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలే వస్తున్నాయి

దీన్ని కీబోర్డ్ సమస్య అనుకుని కొత్త కీబోర్డ్ కొన్నవాళ్లున్నారు. మనం నొక్కే కీలను తెలుగు అక్షరాలుగా మార్చే టైపింగ్ మేనేజర్ ప్రోగ్రాం మామూలు హక్కులతో నడుస్తుంటే, డీటీపీ ప్రోగ్రాం అడ్మిన్ హక్కులతో నడుస్తుంటే, కింది మెట్టు మీదున్నది పై మెట్టు మీదున్న విండోలోకి కీస్ పంపకుండా విండోస్ అడ్డుకుంటుంది. మంచికే, లేకపోతే ఏ చిన్న ప్రోగ్రాం అయినా అడ్మిన్ విండోలో తనకు కావలసింది టైప్ చేసేసుకుంటుంది. అయితే సెంటర్లలో దీనికి చేసే వైద్యం ఏంటంటే టైపింగ్ మేనేజర్‌ని కూడా అడ్మిన్‌గా నడపడం, అంటే రోజుకు ఇంకో బాక్స్, ఇంకో ఎస్. రెండింటినీ పైకెక్కించకుండా పైనున్నదాన్ని కిందికి దించండి, పైన చెప్పిన టిక్ తీయడమే. యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి, తెలిసిన వర్డ్ లాంటి ప్రోగ్రాముల్లో అయితే విండోస్‌లోనే ఉన్న తెలుగు కీబోర్డ్ వాడుకోవచ్చు, దానికి ఈ గొడవే లేదు. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు కాబట్టి అక్కడ పాత ఫాంట్లూ పాత మేనేజరూ తప్పవు.

సమస్య: పొద్దున్నే ఏ సైట్ తెరిచినా "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్రగా వస్తోంది

ఇది చూడగానే హ్యాక్ అయిందని కంగారు పడతారు, లేదా అడ్వాన్స్‌డ్ నొక్కి, ప్రొసీడ్ నొక్కి లోపలికి వెళ్లిపోతారు. ముందు కుడివైపు కింద తేదీ చూడండి. ఏ ఐదారేళ్ల వెనక్కో పోయి ఉంటుంది. ఈ సైట్ అసలైనదే అని చూపే సర్టిఫికెట్‌కు ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని గడువుంటుంది, కంప్యూటర్ తేదీ దాని బయట ఉంటే బ్రౌజర్ నమ్మదు. రాత్రి షాపు కట్టేస్తూ మెయిన్ స్విచ్ ఆపేస్తారు, అప్పుడు గడియారాన్ని నడిపించేది మదర్‌బోర్డు మీదున్న రూపాయి బిళ్లంత బ్యాటరీ, అది అయిపోయింది.

దాని పేరు సీఆర్ 2032, 3 వోల్టులది, వాచీలు బాగుచేసే షాపులో కూడా దొరుకుతుంది. పవర్ కేబుల్ పీకేసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని వదలండి, క్యాబినెట్ పక్క డోర్ తీయండి, బ్యాటరీ పక్కనున్న చిన్న క్లిప్‌ను గోటితో వెనక్కి నెడితే పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టి, ఆన్ చేసి, విండోస్ కన్నా ముందు వచ్చే బయోస్ సెట్టింగుల్లో తేదీ, టైం సరిచేయండి. నేను మొదటిసారి మార్చినప్పుడు పాత బిళ్ల అంచున తెల్లగా పొడి కట్టి ఉంది, ఎన్నాళ్లనుంచి అలా ఉందో. ఆ సెంటర్లో కుర్రాళ్లు అన్నాళ్లూ రోజూ పొద్దున్నే ఆ ఎర్ర పేజీని దాటుకుని వెళ్తున్నారన్నమాట. ఒక రోజు నిజంగానే నకిలీ సైట్ ఎదురైతే అదే వేలు అదే లింక్ నొక్కేది.

తేదీ సరిగ్గా ఉండి ఒక్క సైట్‌కే ఎర్రగా వస్తే తప్పు ఆ సైట్‌ది, ఆ పూటకు అక్కడ పాస్‌వర్డ్ కొట్టొద్దు. తేదీ సరిగ్గా ఉండి అన్నింటికీ వస్తే మధ్యలో యాంటీవైరసో, వైఫై లాగిన్ పేజీయో, ఇంకేదో ఉంది, మొబైల్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించి చూస్తే నెట్‌వర్క్‌లోనా, మెషీన్‌లోనా అన్నది తేలుతుంది.

సమస్య: మెయిల్లో వచ్చిన ఫైల్ తెరిస్తే పట్టీలు, బ్లాక్ అని నీలం బాక్సులు

డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌కు ఇది ఇంటర్నెట్ నుంచి వచ్చిందని బ్రౌజర్ ఒక గుర్తు తగిలిస్తుంది, విండోస్, ఆఫీస్ ఆ గుర్తు చూసే అడుగుతాయి. పసుపు పట్టీ మీద "ఎనేబుల్ ఎడిటింగ్" వేరు, "ఎనేబుల్ కంటెంట్" వేరు, ఈ రెండింటినీ ఒకటే అనుకోవద్దు. మొదటిది మార్పులు చేయనిస్తుంది, రెండోది ఫైల్లో దాగున్న మాక్రో అనే ప్రోగ్రాంను నడుపుతుంది. కస్టమర్ బయోడేటా ప్రింట్ తీయడానికి రెండోది ఎప్పటికీ అక్కర్లేదు. 2022 నుంచి ఇంటర్నెట్ నుంచి వచ్చిన మాక్రోలను ఆఫీస్ ముందే ఆపేస్తోంది, ఎరుపు పట్టీ వస్తుంది. మీ ఆడిటర్ గారే పంపిన ఎక్సెల్ అయితే ఆయనకు ఫోన్ చేసి కనుక్కుని, ఫైల్ ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టండి, ఆ ఒక్క ఫైల్‌కే.

పెన్‌డ్రైవ్‌లో వచ్చిన ఫైల్‌కు సాధారణంగా ఏ హెచ్చరికా రాదు. అది మంచి ఫైల్ అని కాదు, మామూలు పెన్‌డ్రైవ్ ఫార్మాట్లో ఆ గుర్తు నిలవదు, కాపీ చేయగానే ఊడిపోతుంది. జెరాక్స్ సెంటర్లో రోజూ ఎన్నో పెన్‌డ్రైవులు తగులుతాయి కాబట్టి ఇది బాగా గుర్తుంచుకోవాలి, తెరిచేముందు రైట్ క్లిక్‌తో ఓసారి స్కాన్ చేయండి.

సమస్య: కింద మూలన "వైరస్ దొరికింది, వెంటనే క్లీన్ చేయండి" అని పదే పదే

చాలావరకు వైరస్ ఉండదు. ఏదో సైట్లో నోటిఫికేషన్లకు "అలో" నొక్కారు, అది పంపే ప్రకటనలు ఇవి. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌కు వెళ్లి తెలియని పేర్లన్నీ తీసేయండి, సైట్లు ఇక అడగకుండా కూడా పెట్టేయండి. ఐదు నిమిషాల పని.

సమస్య: ఫోన్‌కు "లాగిన్ అవుతున్నది మీరేనా?" అని మాటిమాటికీ వస్తోంది

మీరు లాగిన్ అవుతుంటే సరే. కాకుండా వస్తోందంటే మీ పాస్‌వర్డ్ ఎవరి చేతిలోనో పడింది, వాళ్లు మీరు విసిగిపోయి నొక్కుతారని ఎదురుచూస్తున్నారు. 2022 సెప్టెంబర్‌లో ఉబర్ కంపెనీలోకి ఇలాగే చొరబడ్డారు, వాళ్ల కాంట్రాక్టర్ ఒకరికి రిక్వెస్టులు వస్తూనే ఉన్నాయి, చివరికి ఒకటి ఒప్పుకున్నారు. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ 2023 మేలో తన ఆథెంటికేటర్లో తెర మీది అంకె చూసి ఫోన్లో కొట్టాల్సిందేనని పెట్టింది. కాస్త ఎక్కువ పనే, కానీ నిద్రమత్తులో నొక్కేసే వీల్లేదు. ఇలాంటివి వస్తే "నో" నొక్కి, వెంటనే పాస్‌వర్డ్ మార్చండి.

పాస్‌వర్డ్ మాటొచ్చింది కాబట్టి, మూడు నెలలకోసారి మార్చి తీరాలని పట్టుబట్టే ఆఫీసుల్లో కీబోర్డ్ కింద చీటీ ఎత్తి చూడండి, ఉంటుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే, లీకైందన్న ఆధారం లేకుండా ఊరికే మార్పించొద్దని చెప్పింది. పొడుగాటి పాస్‌వర్డ్ ఒకటి పెట్టుకుని, రోజూ తెరవడానికి విండోస్ పిన్ గానీ వేలిముద్ర గానీ వాడుకోండి. ఆ పిన్ ఆ ఒక్క మెషీన్లోనే పనిచేస్తుంది, ఎవరైనా చూసినా ఇంకోచోట పనికిరాదు.

సమస్య: పని మధ్యలో అప్‌డేట్, రీస్టార్ట్

అప్‌డేట్స్ ఆపేయొద్దు. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై వైరస్ వచ్చింది, దాన్ని ఆపే ప్యాచ్, అంటే లోపం సరిచేసే అప్‌డేట్, మార్చిలోనే ఇచ్చారు. వేసుకోని మెషీన్లు పడ్డాయి, ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లు కూడా ఆ దెబ్బ తిన్నాయి. రీస్టార్ట్ బాధకు మందు యాక్టివ్ అవర్స్, విండోస్ అప్‌డేట్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఉంటుంది, రోజులో 18 గంటల దాకా పెట్టుకోవచ్చు. షాపు తెరిచేది తొమ్మిదికి, మూసేది పదికి అయితే అవే పెట్టండి. అయితే మెయిన్ ఆపేసి వెళ్లిపోతే అప్‌డేట్ ఎప్పుడు పడుతుంది? అందుకని వారానికో రాత్రి, సోమవారం, ఓనర్ గారు భోజనానికి వెళ్లేముందు నాలుగింట్లోనూ "అప్‌డేట్ అండ్ షట్ డౌన్" నొక్కి వెళ్తారు, అరగంట తర్వాత వచ్చి మెయిన్ ఆపేస్తారు.

చివరగా చేసింది అకౌంట్లు విడదీయడం, దీన్ని పైవన్నీ అయ్యాకే చేయాలి. కుర్రాళ్లకు స్టాండర్డ్ అకౌంట్, అడ్మిన్ పాస్‌వర్డ్ ఓనర్ గారి దగ్గర. ఇప్పుడు బాక్స్ వస్తే ఆల్ట్, వై సరిపోదు, పాస్‌వర్డ్ కావాలి. ముందే ఇది చేసి ఉంటే రోజుకు పదిసార్లు ఓనర్‌ని పిలవాల్సి వచ్చేది, రెండో రోజుకల్లా పాస్‌వర్డ్ మానిటర్ మీద స్టిక్కర్ అయ్యేది. ఇప్పుడు నెలకు ఒకటో రెండో వస్తున్నాయి, ప్రింటర్ డ్రైవర్ లాంటివి. మొన్న కుర్రాడే ఫోన్ చేశాడు, "అన్నా, పసుపు రంగు బాక్స్ వచ్చింది, పబ్లిషర్ అన్‌నోన్ అంటోంది, నేనేం ఇన్‌స్టాల్ చేయలేదు, ఇప్పుడే ఒకాయన పెన్‌డ్రైవ్ పెట్టాను" అని. నో నొక్కి పెన్‌డ్రైవ్ తీసేయమన్నాను. సాయంత్రం వెళ్లి స్కాన్ చేస్తే ఆ పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ బొమ్మ పెట్టుకున్న ప్రోగ్రాం ఫైల్ ఒకటి దొరికింది.