కోట ఫిరంగిని చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: మూతి, ముద్ర, మూడు అంకెలు

కిందటి పాఠంలో బురుజు మీద నిలబడి, ఫిరంగి ఎటు చూస్తోందో, ఎంత మేర సముద్రాన్ని కాపు కాస్తోందో అంచనా వేశాం. ఈసారి నేరుగా ఫిరంగి దగ్గరికే వెళ్దాం. దాన్ని ఎవరు పోయించారు, ఏ కాలంలో పోశారు, ఎంత గుండు వేసేది, బరువెంత అన్న నాలుగు ప్రశ్నలకు పక్కనున్న బోర్డు సాయం లేకుండా జవాబు చెప్పగలగడం ఈ పాఠం లక్ష్యం.

బోర్డును ముందే చదవవద్దని గట్టిగా చెబుతున్నాను. అందులో అబద్ధాలు రాస్తారని కాదు. బోర్డు సాధారణంగా కోట గురించి చెబుతుంది. ఫిరంగి ఆ కోటదే అయ్యుండాలని ఎక్కడా లేదు. కోట పడిపోతే ఫిరంగులు గెలిచినవాడి సొత్తయిపోతాయి. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ సేనాని కర్నల్ ఫోర్డ్ రాత్రి దాడి చేసి మచిలీపట్నం కోటను ఫ్రెంచివాళ్ల దగ్గర నుంచి పట్టుకున్నప్పుడు అక్కడి ఫిరంగులు కూడా చేతులు మారాయి. మద్రాసు సెయింట్ జార్జి కోటను 1746లో ఫ్రెంచివాళ్లు గెలుచుకున్నారు, 1749లో ఒప్పందం ప్రకారం తిరిగి ఇచ్చేశారు. ఇన్ని చేతులు మారిన చోట నిలబడి ఉన్న ఇనుప గొట్టాన్ని చూసి ఇది ఫలానా వాళ్లదని చూపుతోనే తేల్చడం కుదరదు. పైగా పనికిరాకుండా పోయిన ఫిరంగులను రేవుల్లో నేలలో నిలువునా పాతి, ఓడల మోకులు కట్టే గుంజలుగా వాడేవాళ్లు. ఆ తర్వాత ఎవరో తవ్వి తెచ్చి, అందంగా రంగు వేసి, దగ్గర్లోని కోట గుమ్మం ముందు పెడతారు. అందుకే ఫిరంగి మాటను ఫిరంగినే చెప్పనివ్వాలి.

మీతో ఉండాల్సినవి: మిల్లీమీటర్లున్న టేపు, టార్చి, పెన్సిలు, నోటు పుస్తకం, చిన్న అయస్కాంతం. తాళంచెవితోనో మేకుతోనో రంగు గీకవద్దు, అంకెలు కనబడాలని సుద్దముక్కతో రుద్దవద్దు. ఇవి చాలావరకు పురావస్తు శాఖ రక్షణలో ఉన్న వస్తువులు. గీకితే పోయేది రంగు ఒక్కటే కాదు, కింద మిగిలిన అక్షరం అంచు కూడా పోతుంది. గొట్టంలోకి చెయ్యి పెట్టవద్దు. కందిరీగలు, పాములు సరే, లోపల పాత మందుగుండు ఇంకా కూరి ఉన్న ఫిరంగులు కూడా లేకపోలేదు.

ముందు అయస్కాంతం. అంటుకుంటే ఇనుము. అంటుకోక, పచ్చని చిలుము కనబడితే కంచు. కంచు ఖరీదైనది, కాబట్టి వందల సంఖ్యలో ఫిరంగులు కావలసిన తీరప్రాంత కోటల్లో ఎక్కువగా కనబడేది పోత ఇనుమే. ఈ పాఠమంతా ఆ పోత ఇనుప ఫిరంగి గురించే.

మూతి కొలవడం

మూతి దగ్గర గొట్టం లోపలి వ్యాసాన్ని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి. ఉప్పుగాలికి అంచు తిని ఉంటే కొలత పెరిగిపోతుంది, అందుకని రెండింటిలో తక్కువది రాసుకోండి. సిమెంటుతో పూడ్చేసి ఉంటే ఇనుముకూ సిమెంటుకూ మధ్య గీత పట్టుకుని కొలవాలి.

ఆ కాలంలో ఫిరంగిని పిలిచేది అది వేసే ఇనుప గుండు బరువుతో. 24 పౌండర్ అంటే 24 పౌండ్ల గుండు వేసేది. ఇంగ్లిషు ఫిరంగుల్లో 12 పౌండర్ మూతి సుమారు 117 మిల్లీమీటర్లు, 18 పౌండర్ 134, 24 పౌండర్ 148, 32 పౌండర్ 163. ఈ నాలుగూ కంఠతా వస్తే తీరంలో మీకు ఎదురయ్యే వాటిలో చాలా వాటి పేరు చెప్పేయగలరు.

పట్టిక గుర్తులేనప్పుడు లెక్క ఉంది. గుండు గొట్టానికి బిగుసుకుపోకూడదు కదా, అందుకని దాన్ని కొంచెం చిన్నదిగా పోసేవారు. మూతి వ్యాసాన్ని 21 భాగాలు చేస్తే అందులో 20 భాగాలు గుండు వ్యాసం అనుకోండి. మూతి 163 మిల్లీమీటర్లయితే గుండు దాదాపు 155, అంటే 15.5 సెంటీమీటర్లు. దాని ఘనం దాదాపు 3724. పోత ఇనుప గోళానికి ఆ ఘనాన్ని 3.77తో హెచ్చిస్తే గ్రాముల్లో బరువు వస్తుంది: 14 కిలోలు. పౌండు 453.6 గ్రాములు, కాబట్టి 31 పౌండ్లు. 31 పౌండర్ అనేది లేదు. ఇంగ్లిషు వరుసలో 24 తర్వాత 32, కనుక ఇది 32 పౌండరే. లెక్క మీకు దగ్గరి అంకె ఇస్తుంది, వరుస దాన్ని సరిచేస్తుంది.

ఇక్కడే ఒక విలువైన ఆధారం దొరుకుతుంది. ఫ్రెంచి పౌండు బరువైనది, సుమారు 489.5 గ్రాములు. అందువల్ల ఫ్రెంచివాళ్ల 24 పౌండర్ మూతి 148 కాదు, సుమారు 152.5. వాళ్ల 18 పౌండర్ 134 కాదు, 138.7. మీ కొలత ఇంగ్లిషు మెట్లు రెండింటి మధ్య పడి, ఎటూ సర్దుకోకపోతే, తుప్పును తిట్టుకోకుండా ఫ్రెంచి వరుసతో సరిపోల్చి చూడండి. ముద్రలన్నీ చెరిగిపోయిన ఫిరంగి కూడా అలా తన పుట్టిల్లు చెప్పేస్తుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే: ఒక్క అక్షరం లేని ఇనుప దిమ్మ, నాలుగైదు మిల్లీమీటర్ల తేడాతో దేశం పేరు చెప్పడం.

అయితే 4 మిల్లీమీటర్లను తుప్పు కూడా తినగలదు. కాబట్టి మూతి ఒక్కదాన్నే నమ్ముకుని తీర్పు చెప్పకుండా, ముద్రలూ వెతకండి.

ముద్ర

ముద్ర సాధారణంగా గొట్టం పైభాగంలో, వెనక సగంలో ఉంటుంది. ఎండలో ఎదురుగా చూస్తే ఏమీ కనబడదు. పొద్దు వాలాక, లేదా మీ నీడలో, టార్చిని ఇనుముకు ఆనించినంత దగ్గరగా, పక్కనుంచి పడుకోబెట్టి వేయండి. పది పూతల రంగు కింద ఉన్నా పోతపోసిన అక్షరం అంచున సన్నని నీడ లేస్తుంది. టార్చిని మెల్లగా చుట్టూ తిప్పుతూ, నీడ మారినప్పుడల్లా కనబడిన గీతను నోటు పుస్తకంలో గీయండి. అక్షరమేదో ఊహించవద్దు, గీత గీయండి. నాలుగు వైపుల నుంచి గీసిన గీతలు కలిస్తే అక్షరం దానంతట అదే వస్తుంది.

కిరీటం కింద జి, ఆర్ అల్లుకుని మధ్యలో 3 ఉంటే మూడో జార్జి, అంటే 1760–1820. కిరీటం కింద వి, ఆర్ అయితే విక్టోరియా, 1837–1901. రాజముద్ర ఉందంటే అది బ్రిటిష్ ప్రభుత్వానికి పోసింది. బాణం మొన లాంటి మూడు గీతల గుర్తు, అంటే బ్రాడ్ యారో, కూడా సర్కారీ సొత్తుకు వేసేదే. ఈస్టిండియా కంపెనీ ఫిరంగి మీద రాజు గుర్తు ఉండదు. గుండె ఆకారాన్ని అడ్డగీతలు నాలుగు గదులుగా విడగొట్టి, ఒక్కో గదిలో ఒక్కో అక్షరం ఉన్న ముద్ర ఉంటుంది. అది కంపెనీ సరుకు మూటల మీద వేసే గుర్తు. డచ్చి కంపెనీదైతే పెద్ద వి అక్షరం రెండు చేతుల మీద ఓ, సి ఎక్కి ఉంటాయి. వాటి పైన ఎ ఉంటే ఆమ్‌స్టర్‌డామ్ శాఖది. పులికాట్, మచిలీపట్నం, భీమునిపట్నం, ఈ మూడు చోట్లా డచ్చివాళ్లు వ్యాపారం చేశారు, కనుక కోరమండల్ తీరంలో ఈ ముద్ర కోసం కళ్లు తెరిచి ఉంచడం అవసరం.

మూడు అంకెలు

వెనకభాగంలో, మందు అంటించే రంధ్రం దగ్గర ఉలితో చెక్కిన అంకెలుంటాయి. 55-2-14 అన్నట్టు మూడు ముక్కలుగా. తారీఖు అనుకుని చాలామంది పొరబడతారు. అది బరువు. మొదటిది హండ్రెడ్‌వెయిట్లు, ఒక్కోటి 112 పౌండ్లు. రెండోది క్వార్టర్లు, ఒక్కోటి 28 పౌండ్లు. మూడోది విడి పౌండ్లు.

55 సార్లు 112 అంటే 6160. 2 సార్లు 28 అంటే 56. పైన 14. మొత్తం 6230 పౌండ్లు, దాదాపు 2826 కిలోలు. తొమ్మిదిన్నర అడుగుల 32 పౌండర్ బరువు ఇంచుమించు అంతే ఉంటుంది. మూతి చెప్పిందీ బరువు చెప్పిందీ ఒకటే అయితే మీ పఠనం గట్టిది. కలవకపోతే వాటిలో ఒకటి తప్పు చదివారన్నమాట, మళ్లీ టార్చి పట్టుకోండి.

ఈ అంకెల్లోనే ఒక తనిఖీ దాగి ఉంది. నాలుగు క్వార్టర్లయితే ఒక హండ్రెడ్‌వెయిట్ అయిపోతుంది కనుక మధ్య అంకె 3 దాటదు. 28 పౌండ్లయితే ఒక క్వార్టర్ కనుక చివరి అంకె 27 దాటదు. మీరు రాసుకున్నది 49-5-10 అయితే ఆ 5 నిజానికి 3 అయ్యుండాలి, సగం తుప్పు తినేసింది. మూడు ముక్కలు లేకుండా నాలుగంకెల సంఖ్య ఒక్కటే ఉంటే అది ఇంగ్లిషు తూకం పద్ధతి కాదు, మళ్లీ మూతి కొలత దగ్గరికి వెళ్లండి.

మిగతావి క్లుప్తంగా. ఫిరంగి రెండు పక్కలా పొడుచుకువచ్చి బండి మీద ఆనే మొద్దు ఇరుసులను ట్రనియన్లు అంటారు. వాటి చదునైన చివర్లలో కార్ఖానా పేరు, వరుస సంఖ్య, సంవత్సరం ఉండవచ్చు. స్కాట్లాండ్‌లోని క్యారన్ కంపెనీ ఫిరంగులకు ట్రనియన్ మీదే పేరు ఉంటుంది. స్వీడన్ ఫిన్‌స్పాంగ్ కార్ఖానాది ఎఫ్ అక్షరం. వెనక కొసన గుబ్బ ఉంటుంది కదా, దాని పైన ఉంగరంలా రింగు ఉంటే అది థామస్ బ్లోమ్‌ఫీల్డ్ రూపొందించిన నమూనా, 18వ శతాబ్దం చివరి నుంచి వచ్చింది. ఓడ మీద ఫిరంగి వెనక్కి తన్నినప్పుడు ఆపే మోకు ఆ రింగులోంచి పోయేది. ముద్ర చెరిగిపోయినా ఆ రింగు చూసి కాలాన్ని పట్టుకోవచ్చు.

గొట్టంలో గాళ్లు కనబడితే

టార్చిని మూతిలోకి వేసినప్పుడు లోపల మెలికలు తిరుగుతూ పోయే గాళ్లు, అంటే గొట్టం లోపలి గోడలో కోసిన సన్నని కాలువలు, కనబడితే మీరు వేరే యుగంలో అడుగుపెట్టారు. 1862 ఏప్రిల్ 10, 11 తేదీల్లో అమెరికాలోని సవానా దగ్గర ఫోర్ట్ పులాస్కీ మీద గాళ్ల ఫిరంగులు పేలాయి. ఆ కోట ఇటుక గోడ మందం ఏడున్నర అడుగులు. కాల్చింది టైబీ దీవి నుంచి, మైలుకు కాస్త తక్కువ దూరంలో. పాత గుండు ఫిరంగులతో అంత దూరం నుంచి గోడ బద్దలవడం జరగదని అందరి నమ్మకం. దాదాపు 30 గంటల్లో గోడకు గండి పడింది, కోట లొంగిపోయింది. గాళ్లు గుండును బొంగరంలా తిప్పుతాయి, కనుక కోసుగా ఉన్న బరువైన గుండు దారి తప్పకుండా వెళ్లి వరసగా ఒకే చోట తగులుతుంది. ఆ రోజుతో ప్రపంచమంతటా ఇటుక కోటల పని దాదాపు అయిపోయింది.

బ్రిటన్ దగ్గర అప్పటికే వేల సంఖ్యలో 32 పౌండర్లున్నాయి. అన్నీ పారేయలేక, విలియం పాలిసర్ పద్ధతిలో పాత గొట్టాన్ని తొలిచి లోపల చేత ఇనుముతో (సాగగొట్టి చేసే ఇనుము) చేసిన గొట్టం దింపి, మూడు గాళ్లు కోశారు. మూతి 6.3 అంగుళాలు, అంటే 160 మిల్లీమీటర్లు. కోసు గుండు అదే మూతికి ఎక్కువ బరువుంటుంది కనుక పేరు 64 పౌండర్. మూతి అంచున చూడండి: పెద్ద వలయంలో చిన్న వలయం, రెండింటి మధ్య వెంట్రుకంత గీత. ఆ గీత కనబడితే అది మార్చిన ఫిరంగి. ఒకే గొట్టానికి బయట ఒక కాలం, లోపల ఇంకో కాలం ఉంటాయి కాబట్టి రెండు సంవత్సరాలూ విడివిడిగా రాసుకోవాలి.

అభ్యాసం

మొదటిది: మూతి 148 మిల్లీమీటర్లు, కిరీటం కింద జి ఆర్ 3, గుబ్బ మీద రింగు, అంకెలు 50-1-9. ఎన్ని పౌండర్, బరువు ఎన్ని కిలోలు, ఏ కాలం?

రెండోది: ముద్ర లేదు, మూడు అంకెలు లేవు, మూతి అడ్డంగా 154, నిలువుగా 152.5. ఎవరిది? ఇంకొక్క ఆధారం కావాలంటే ఎక్కడ వెతుకుతారు?

మూడోది: ఒక బోర్డు మీద బరువు 47-4-12 అని ఉంది. బోర్డు ఎందుకు తప్పో ఒక్క వాక్యంలో రాయండి.

మొదటిదానికి బరువు 2557 కిలోలు రాకపోతే 112తో హెచ్చించిన చోట మళ్లీ చూడండి. మిగతా జవాబులు వచ్చే పాఠంలో, మాల్టాలోని రినెల్లా కోట 100 టన్నుల ఫిరంగి దగ్గర. దాని మూతి 17.72 అంగుళాలు. దాన్ని తిప్పడానికీ నింపడానికీ ఆవిరి సాయం తీసుకునేవారు, కాబట్టి అక్కడ గొట్టం కన్నా దాని కింద ఉన్న యంత్రాలనే ఎక్కువ చదవాల్సి ఉంటుంది.