సంచి భుజానికెత్తే ముందు: స్కౌట్ పిల్లలతో రెండు రోజుల కాలినడక యాత్రకు ఏర్పాట్లు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బడుల్లో స్కౌట్, గైడ్ దళాలను నడుపుతున్న ఉపాధ్యాయులు పిల్లలను ర్యాలీలకు, జెండా పండుగ కవాతులకు ఉత్సాహంగానే తీసుకువెళ్తారు. అదే పిల్లలు తమ సామాను తామే వీపున మోసుకుంటూ నడిచి, ఒక రాత్రి బయట బసచేసి, మర్నాడు ఇల్లు చేరే యాత్ర అనేసరికి చాలామంది వెనుకాడతారు. ఇతరుల బిడ్డలను ఊరు దాటించేవారికి ఆ జంకు ఉండవలసిందే. ఆ జంకును ముందస్తు ఏర్పాట్ల మీదికి మళ్ళిస్తే యాత్ర నిశ్చింతగా జరుగుతుందని కొన్నేళ్ళుగా పిల్లలతో నడుస్తున్న అనుభవంతో చెబుతున్నాను.

దారి ఎంచుకోకముందే దళంలో అందరికంటే చిన్న పిల్లవాడెవరో చూసుకోవాలి. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ పద్ధతిలో పదేళ్ళు నిండినవారు స్కౌట్ దళంలోకి వస్తారు కనుక ఆరో తరగతి పిల్లవాడూ పదో తరగతి పిల్లవాడూ ఒకే వరుసలో నడవవలసి వస్తుంది. నడిచే దూరం, మోసే బరువు, ఆగే చోటు, తాగే నీరు అన్నీ ఆ చిన్నవాడి కొలతకే కుదరాలి. పెద్ద పిల్లలు గంటకు ఐదు కిలోమీటర్లు సునాయాసంగా నడిచేస్తారు గానీ, వీపున బరువుతో, మధ్యమధ్య విరామాలతో పదకొండేళ్ళ బిడ్డ నడక మూడు కిలోమీటర్లుగా లెక్కవేసుకోవాలి. మొదటి యాత్రకు రోజుకు ఆరు నుంచి ఎనిమిది కిలోమీటర్లు చాలు. కొండ ఎక్కవలసి ఉంటే ప్రతి నూరు మీటర్ల ఎత్తుకూ మరో పావుగంట కలుపుకోవాలి.

శ్రీకాకుళం వైపు దళాలకు మొదటి యాత్రగా శాలిహుండం నుంచి కళింగపట్నం దారిని సూచిస్తాను. వంశధార కుడిగట్టున కొండమీద ఉన్న శాలిహుండం బౌద్ధ స్తూపాలు పట్టణానికి సుమారు 18 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి కనుక అక్కడిదాకా వాహనంలో వెళ్ళవచ్చు. ఆ స్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు వెంకట రామమూర్తి అని చెబితే, ఆయన పుట్టినరోజున బడిలో తెలుగు భాషా దినోత్సవం జరుపుకునే పిల్లలకు ఆ కొండ మీద ఎక్కడలేని ఆసక్తి కలుగుతుంది. అక్కడి నుంచి వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం ఐదారు కిలోమీటర్లు; ఊళ్ళకు దూరమయ్యే దారి కాదు కనుక ఎవరికైనా కాలు బెణికితే వెంటనే సాయం అందుతుంది. విజయనగరం దళాలకు పట్టణానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న రామతీర్థం, అక్కడి బోధికొండ, గురుభక్తుల కొండ ఇలాగే అనుకూలంగా ఉంటాయి. ఒడిశా సరిహద్దుకు అవతల 1,501 మీటర్ల ఎత్తున్న మహేంద్రగిరి పెద్ద పిల్లలను ఊరిస్తుంది. ఇలాంటి చిన్న యాత్రలు రెండు మూడు పూర్తిచేసిన దళానికే దాని మాట తలపెట్టడం మంచిది.

దారి ఖరారు చేసేముందు మీరు దానిని స్వయంగా నడవాలి. మోటారు సైకిలు మీద చుట్టివస్తే నీడ ఎక్కడ తెగిపోతుందో, కుక్కలు ఏ మలుపులో మీదికి వస్తాయో తెలియదు. పిల్లలు నడవబోయే వేళకే మీరూ నడిచి, నీరున్న చోట్లు, ఫోను సిగ్నలు అందని జాగాలు, దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, వాహనం రాగలిగిన చివరి చోటు పుస్తకంలో రాసుకోవాలి. ఒక యాత్రకు నెల ముందు నేను దారి చూసివచ్చి, చింతచెట్టు కింద ఉన్న ఒక బోరింగును నమ్ముకుని నీటి లెక్క వేశాను. పిల్లలతో అక్కడికి చేరేసరికి దాని చెయ్యి ఊడి నేలమీద పడి ఉంది. అప్పటికే సీసాలు అడుగంటాయి. ఒక పిల్లవాడు తన సీసా మూతలో మిగిలిన రెండు గుక్కలు పోసి పక్కవాడికి అందించడం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. పొలంలో పనిచేస్తున్న ఒక పెద్దావిడ చూసి, ఇంటికి వెళ్ళి బిందె తెచ్చి పోసింది గనుక గండం గడిచింది. ఆనాటి నుంచి ఒక్కొక్క మజిలీకి రెండు నీటి వనరులు లేనిదే దారి ఒప్పుకోను, యాత్రకు రెండు రోజుల ముందు వాటిని మళ్ళీ చూసి వస్తాను. నడిచే ప్రతి గంటకూ అర లీటరు చొప్పున నీరు లెక్కవేయాలి. బావి నీరైతే బాగా తెర్లనిచ్చి చల్లార్చాలి, లేదా క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి.

మీరు హద్దులు గీసిన తర్వాత పథకం పిల్లల చేతికి ఇవ్వాలి. దళంలోని చిన్న జట్టును పెట్రోల్ అంటారు; ఆ జట్ల నాయకులైన పెట్రోల్ లీడర్లందరూ కూర్చుని మాట్లాడుకునే సభ, కోర్ట్ ఆఫ్ ఆనర్, ఉన్నది ఇందుకే. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 పటంలో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరుకు సమానం. ఒక దారపు ముక్కను తడిపి, పటం మీద దారి వంపుల వెంబడి పరిచి, తిరిగి తీసి స్కేలు మీద కొలిపించండి. స్కేలు మీద దారం పన్నెండు సెంటీమీటర్ల దగ్గర ఆగినప్పుడు, ‘అంటే ఆరు కిలోమీటర్లు, రెండు గంటలు’ అని వాళ్ళే లెక్కగట్టుకున్న దారిని వాళ్ళు మరిచిపోరు. ఎవరు వంట, ఎవరు నీరు, ఎవరు ప్రథమ చికిత్స అన్నదీ వాళ్ళే పంచుకోవాలి. పెద్దలు రాసిచ్చిన జాబితాలో మరిచిపోయిన వస్తువుకు పెద్దలను అడుగుతారు. తాము రాసుకున్న జాబితాలో మరిచిపోయినదానికి సర్దుబాటు వెతుకుతారు.

ఇక సంచి. ముప్పై అయిదు కిలోల పిల్లవాడు నీటితో కలిపి ఐదు కిలోలకు మించి మోయకూడదు. యాత్రకు మూడు రోజుల ముందు అందరి సంచులూ బడికి తెప్పించి కాటా వేయాలి. ఒకసారి ఆరో తరగతి పిల్లవాడి సంచి తొమ్మిది కిలోలు తూగింది. వరండాలో పట్టా పరిచి, ఒక్కొక్కటే బయటికి తీయించాను: స్టీలు డబ్బా నిండా అరిసెలు, ఉన్ని రగ్గు, తలగడ, మూడు జతల బట్టలు, కొత్త షాంపూ సీసా, అడుగున నిఘంటువు. రగ్గుకు బదులు రెండు దుప్పట్లు, మూడు జతలకు బదులు ఒక్క జత, తలగడకు బదులు బట్టలు చుట్టిన తువ్వాలు సరిపోతాయని వాడే ఒప్పుకున్నాడు. తల్లి మనసు నొచ్చుకోకుండా అరిసెలు ఆ సాయంత్రమే దళమంతా తిని, డబ్బా కడిగి ఇంటికి పంపాం. కొత్త సంచులు కొనిపించకండి. పట్టీలు వెడల్పుగా ఉండి రెండు భుజాలకూ సమానంగా పడే బడి సంచి చాలు. దుప్పటి అడుగున, బియ్యం వంటి బరువు వీపుకు ఆనుకొని నడుమ, వెంటనే కావలసిన టార్చి, నీటి సీసా పైన ఉండేలా సర్ది, లోపల ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు పరిస్తే వానకు తడవదు. కొత్త బూట్లతో ఎవరినీ బయలుదేరనివ్వకూడదు.

తిండి విషయంలో మన ప్రాంతం ఎంతో అనుకూలమైనది. మొదటి మధ్యాహ్నానికి ఇంటి పులిహోర, రాత్రికి పెసరపప్పు కిచిడీ, మర్నాడు పొద్దున్న చోడి (రాగి) అంబలి లేదా అటుకుల ఉప్మా, దారిలో నమలడానికి వేరుశనగ, బెల్లం ఉంటే ఇంకేమీ అక్కరలేదు. ఎనిమిది మంది పెట్రోల్‌కు కిచిడీకి కిలో బియ్యం, 350 గ్రాముల పప్పు తీసుకుని, బియ్యాన్ని పావుకిలో పొట్లాలు చేసి నలుగురి సంచుల్లో, పప్పు, నూనె, ఉప్పు, దబర మిగతావారి సంచుల్లో పెట్టాలి. అలా పెడితే ఒకరు వెనుకబడితే అందరి అన్నమూ ఆగుతుందని పిల్లలకు చెప్పకుండానే తెలుస్తుంది. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న శాలిహుండం కొండమీద పొయ్యి వెలిగించకూడదు.

కాలం విషయంలో రాజీపడకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఈ తీరాన్ని ఎంత కుదిపివేశాయో మనం చూశాం కనుక అక్టోబరు, నవంబరు వదిలివేయాలి; మార్చి దాటితే ఎండ. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ఆ రోజుల్లో మన తూర్పు కొసన సాయంత్రం ఐదున్నరకే వెలుతురు తగ్గిపోతుంది కాబట్టి నాలుగు గంటలకల్లా బస చేరేలా నడక ముగించాలి.

ప్రమాదాల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది సముద్రం. కళింగపట్నం దగ్గర నది సముద్రంలో కలిసే చోట ప్రవాహం పైకి కనిపించదు. చీలమండ దాటి ఒక్కరినీ నీటిలోకి దిగనివ్వకూడదు, ఆ మాట ఇంటి దగ్గరే చెప్పి ఒప్పించి తీసుకువెళ్ళాలి. కొండ రాళ్ళకు తేనెపట్టు కనిపిస్తే పొగ, అరుపులు లేకుండా దూరంగా తప్పుకోవాలి. ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్లు, పార్వతీపురం మన్యం వైపు ఏనుగుల గుంపులు తిరుగుతాయి కనుక అటు వెళ్ళదలచినవారు అటవీ శాఖను అడగకుండా అడుగు వేయరాదు. పాము కాటు వేస్తే కట్టు బిగించడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం ఏవీ చేయకూడదు. కాటుపడిన అవయవాన్ని కర్రతో కదలకుండా కట్టి, బిడ్డను నడిపించకుండా 108కు ఫోను చేసి, విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. కట్లపాము నేలమీద నిద్రపోయేవారిని రాత్రి కరుస్తుంది కనుక మొదటి యాత్రకు గుడారం కంటే గట్టి గచ్చున్న బడి గది మేలు. దోమతెర అంచులు చాప కిందికి దోపాలి, పొద్దున్నే బూట్లు దులిపి తొడగాలి.

నడిచేటప్పుడు ముందు ఒక పెద్ద, చివర ఒక పెద్ద తప్పనిసరి. ముందున్నవారి వెనుకే దళంలో అందరికంటే చిన్నవాడిని నడిపించాలి. వాడు వెనుకబడితే పరుగెత్తుతూ అలసిపోతాడు, ముందుంటే దళం వేగం దానంతటదే కుదురుతుంది. గంటకొకసారి పది నిమిషాలు ఆగి లెక్కపెట్టాలి.

అనుమతుల సంగతి క్లుప్తంగా: ప్రధానోపాధ్యాయుల, జిల్లా స్కౌట్ సంఘం రాతపూర్వక అనుమతి, బసచేసే ఊరి పంచాయతీకి, పోలీసు స్టేషనుకు సమాచారం ఉండాలి. తల్లిదండ్రుల సంతకం పత్రంలో ఉబ్బసం, మూర్ఛ, పడని మందులు రాయించుకోవాలి. గైడ్ దళపు ఆడపిల్లలు ఉంటే మహిళా ఉపాధ్యాయిని తప్పక ఉండాలి. ఏ పెద్దా ఏ బిడ్డతోనూ ఒంటరిగా ఉండకూడదు. మరుగుదొడ్డి లేనిచోట నీటికి అరవై మీటర్ల దూరాన జానెడు లోతు గుంట తవ్వి పూడ్చాలి.

తిరిగి వచ్చిన రోజే సంచులు బడిలో విప్పించి, వాడని వస్తువులన్నీ ఒక కుప్పగా పోయించండి. ప్రథమ చికిత్స సామాను, టార్చి, తాడు తప్ప ఆ కుప్పలో ఉన్న ప్రతిదీ వచ్చే యాత్ర జాబితాలోంచి పిల్లలే కొట్టివేయాలి. తల్లిదండ్రులకు ఒక చీటీ కూడా పంపండి: మూడు వారాల లోపు బిడ్డకు జ్వరం వస్తే, పొదల్లో, పొలంగట్ల మీద నడిచి వచ్చిన సంగతి డాక్టరుకు చెప్పమని. మలేరియాను, స్క్రబ్ టైఫస్‌ను వైద్యులు త్వరగా అనుమానించడానికి ఆ ఒక్క మాట ఉపయోగపడుతుంది.