సముద్రంలోని గాలి టర్బైన్లకు సిబ్బంది రాకపోకలు: ప్రణాళిక వేసే పద్ధతి

రోజువారీ ప్రణాళికను పడవ రేవు వదిలే వేళ నుంచి కాక, చివరి మనిషిని టర్బైన్ మీద నుంచి దింపుకోవలసిన వేళ నుంచి వెనక్కి లెక్కించాలి. ఉదయం ప్రశాంతంగా ఉన్న సముద్రం సాయంత్రానికి లేస్తే, ఎక్కించినవారిని దింపుకునే దారి మూసుకుపోతుంది.

టర్బైన్లు రేవుకు 30 నాటికల్ మైళ్ల దూరంలో ఉండి, పడవ 20 నాట్ల (గంటకు 20 నాటికల్ మైళ్ల) వేగంతో వెళ్తుందనుకుందాం. 12 గంటల షిఫ్టులో రానుపోను ప్రయాణానికే 3 గంటలు పోతాయి. ఆరు జట్లను ఆరు టర్బైన్ల వద్ద దించడానికి ఒక్కొక్కచోట 20 నిమిషాలు, తిరిగి పడవలోకి ఎక్కించుకోవడానికి మరో 20 నిమిషాలు తీసివేస్తే, దించిన వరుసలోనే ఎక్కించుకున్నా ఒక్కో జట్టుకు పనికి మిగిలేది ఏడు గంటల లోపే. కాబట్టి ఎక్కువసేపు పట్టే పని ఉన్న జట్టును ముందుగా దించి, చివరగా ఎక్కించుకోవాలి.

వాతావరణ సూచనలో ఇచ్చే అలల ఎత్తు అన్నిటికంటే పెద్దవైన మూడో వంతు అలల సగటు మాత్రమే. విడిగా ఒక అల దాదాపు దానికి రెట్టింపు లేవవచ్చు. చిన్న పడవ తన ముక్కును టర్బైన్ పునాదికి ఆనించి, ఇంజన్ బలంతో నెట్టి పట్టుకుని ఉండగా మనిషి నిచ్చెన అందుకుంటాడు. ఈ పద్ధతికి సాధారణంగా 1.5 మీటర్లను హద్దుగా పెట్టుకుంటారు. అయితే ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు. అల ఎంతసేపటికొకసారి వస్తోంది, ప్రవాహం ఏ దిక్కున ఉంది అన్నవి కూడా చూడాలి, ఎందుకంటే హద్దు లోపలి అలలకు సైతం పడవ ముక్కు పునాది మీద జారిపోవచ్చు. తుది నిర్ణయం పడవ కెప్టెన్‌దే. నిచ్చెన ఎక్కవలసిన సాంకేతిక నిపుణుడు వద్దన్నా ఆగిపోవలసిందే.

తీరానికి బాగా దూరమైన క్షేత్రాలకు, రెండేసి వారాలు సముద్రంలోనే ఉండి, అలలకు నౌక కదిలినా ఆ కదలికను సరిచేసుకునే నడకవంతెనతో మనుషులను దాటించే పెద్ద నౌక మేలు. దాని అద్దె ఎక్కువే కానీ రోజూ ప్రయాణానికి పోయే గంటలు మిగులుతాయి. 500 గ్రాస్ టన్నులకు తగ్గని సరకు నౌక అంతర్జాతీయ ప్రయాణంలో 12 మందికి మించి పారిశ్రామిక సిబ్బందిని తీసుకెళ్లాలంటే, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం) 15వ అధ్యాయాన్ని పాటించాలి.

విడిభాగాలను ముందురోజే తూచి, దించే వరుసకు తగినట్టు డెక్ మీద సర్దించాలి. మొదటి టర్బైన్‌కు కావలసిన సంచి అన్నిటికీ అడుగున ఉంటే గంట వృథా. తీరంలోని సమన్వయ కేంద్రం ప్రతి మనిషి పేరు ఎదుట పడవలో ఉన్నాడా, టర్బైన్ మీద ఉన్నాడా అన్నది రేడియోలో విన్న వెంటనే మార్చాలి. సిబ్బంది టర్బైన్ల మీద ఉన్నంతసేపు వారిని చేరుకోగల దూరంలో ఒక పడవ ఉండాలి. జాబితాలో చివరి పేరు పడవలోకి మారాకే కెప్టెన్‌కు తిరుగు ప్రయాణానికి అనుమతి ఇవ్వాలి.