కొర్రమీను పిల్లల లెక్క తగ్గుతోంది, చచ్చినవి మాత్రం తేలడం లేదు

ట్యాంకుల్లో కొర్రమీను పెంచేవాళ్ల నుంచి ఈ మాటతో ఫోన్ వచ్చిందంటే నేను అడిగేది ఒక్కటే. చేతివలతో నాలుగు చోట్ల దేవి, పడినవాటిలో పెద్దదాన్నీ చిన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూశారా? "లేదండీ, కాపలా పెట్టాం" అంటారు. రాత్రికి మనిషిని పెడతారు, కెమెరా కడతారు, పామును చంపుతారు, పక్క పొలంవాడితో గొడవ కూడా పెట్టుకుంటారు. ఆ ఒక్క చూపు మాత్రం చూడరు.

లెక్క తగ్గుతుంది, శవాలు ఉండవు

కారణం: ఒకదాన్నొకటి తినేస్తున్నాయి. కొర్రమీను పొంచి ఉండి పట్టే వేటచేప. కప్ప, తోకకప్ప, రొయ్య, చిన్న చేప, నోట్లో పట్టేదేదైనా దానికి తిండే. తన పొడవులో సగం ఉన్న తమ్ముణ్ణి అవలీలగా మింగుతుంది. మృగశిర నాడు నాంపల్లి మైదానంలో చేప మందుతో జనం మింగేది ఈ కొర్రమీను పిల్లల్నే. మీ ట్యాంకులో ఆ పని వాటి అన్నలు చేస్తున్నారు, అంతే తేడా.

చెరువులో ఈ బాధ ఇంతగా ఎందుకు ఉండదో తెలిస్తే మందు దానంతటదే దొరుకుతుంది. వానలు పడగానే జోడీ చేపలు నాచు, గడ్డి మధ్య కాస్త ఖాళీ చేసుకుని గుడ్లు పెడతాయి. గుడ్లు పైకి తేలతాయి, ఒకటి ఒకటిన్నర రోజుల్లో పొదుగుతాయి. ఎర్రగా గుంపు కట్టి నీటి మీద మసిలే ఆ పిల్లల కింద తల్లో తండ్రో కాపలా తిరుగుతుంది. ఆ గుంపులో అన్నిటిదీ ఒకే వయసు, ఒకే సైజు. కాస్త ఎదిగి రంగు ముదిరాక కాపలా సడలుతుంది, పిల్లలు ఎవరి గడ్డి వాళ్లు చూసుకుంటాయి. టార్పాలిన్ ట్యాంకులో చెదిరిపోవడానికి చోటెక్కడ? పైగా సీడ్ (పెంచడానికి కొనే చేపపిల్లలు) పేరుతో వచ్చేది చాలాసార్లు రెండు మూడు గుంతల్లో దేవి కలిపిన సరుకు. వారం ముందు పుట్టిన పిల్ల, ఆ వారం తేడాతోనే మిగతావాటిని మింగేస్తుంది.

రుజువు కావాలంటే తెల్లవారుజామున టార్చి పట్టుకుని అంచు వెంబడి నడవండి. నోట్లోంచి ఇంకో పిల్ల తోక బయటికి వేలాడుతూ, మింగలేక కక్కలేక రెండూ చచ్చి పడి ఉన్న జంట ఎక్కడో ఒకటి కనిపిస్తుంది. అది దొరికాక ఇక దొంగ కోసం వెతకక్కర్లేదు.

పరిష్కారం గ్రేడింగ్, అంటే సైజుల వారీగా పిల్లల్ని వేరు చేయడం అని అందరికీ తెలుసు, ఒకసారి చేస్తారు కూడా. నెల తిరక్కుండానే మళ్లీ ఫోన్ వస్తుంది. ఇక్కడే చాలామంది మునిగేది. వేరు చేసిన హాపాలో (నీళ్లలో కట్టే వల తొట్టిలో) మళ్లీ తేడా పుట్టించేది మేత. ఒకే మూల పెల్లెట్ (గుళికల మేత) వేస్తే ముందు ఎదిగిన నాలుగు పిల్లలు ఆ మూలను ఆక్రమించి మిగతావాటిని దగ్గరికి రానివ్వవు. పెల్లెట్ తినడం సరిగ్గా అలవాటు కాని పిల్ల ఎండిపోయి చిన్నదవుతుంది, రాత్రికి అదే మేతవుతుంది. కాబట్టి మేత నాలుగైదు చోట్ల చల్లండి. చివరి మేత పొద్దు గూకే వేళ తప్పకుండా పడాలి. ఆకలితో ఉన్న కొర్రమీనుకు చీకటి అనుకూలం. పెల్లెట్ ముట్టని పిల్లల్ని విడిగా తీసి, పచ్చి చేప ముద్దతో మళ్లీ అలవాటు చేయండి. చిన్న వయసులో వారానికోసారి గ్రేడింగ్. పక్కపక్కన పెట్టినప్పుడు చిన్నది పెద్దదానిలో మూడింట రెండు వంతులకు తగ్గితే, ఆ రెండూ ఒకే నీళ్లలో ఉండకూడదు. మిగతావాటిని మించిపోయిన ముదురు పిల్లల్ని "బాగా ఎదుగుతున్నాయి" అని మురిసిపోయి అక్కడే ఉంచకండి. అవి ఎదుగుతున్నది మీ డబ్బు తిని.

నీళ్లు బాగున్నాయి, చేపలు చచ్చిపోయాయి

కొర్రమీను మొప్పలతోనే బతకలేదు. పైకొచ్చి గాలి గుక్క తీసుకోవాలి, తలలో దానికి వేరే అవయవమే ఉంది. పైకి రానివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్ ఉంది కదా అంటే అది ఇక్కడ పనికి రాదు. గుర్రపుడెక్క పరుచుకుందేమో, కప్పిన వల నీళ్లలోకి కుంగిందేమో, రవాణాలో డ్రమ్ము మూత దాకా నింపారేమో చూడండి. డ్రమ్ములో నీళ్లు సగానికి మించకూడదు.

వాన రాత్రి తర్వాత ట్యాంకు ఖాళీ

వెళ్లిపోయాయి. తడి నేల మీద పాకుతూ కొత్త నీళ్లు వెతుక్కోవడం వీటి జాతి లక్షణం. ఎండాకాలం బురదలో దూరి బతికే చేపకు మీ గట్టు ఒక లెక్కా? చుట్టూ వల కట్టి, పై అంచు లోపలికి వంచండి.

ఇతరాలు

చలికాలంలో ఒంటి మీద ఎర్ర పుండ్లు వస్తే, 1988 నుంచి మన దేశంలో ఉన్న ఈయూఎస్ అనే పుండ్ల జబ్బే అయ్యుంటుంది. నీళ్లలో సున్నం వేయండి, లేదా భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా తయారుచేసిన సీఫాక్స్ అనే మందు వాడండి. పాములు, నీటికాకులు, లకుముకి పిట్టలు తినేది ఉంటుంది గానీ వేలల్లో లోటు వాటి వల్ల రాదు. పైన పక్షుల వల చాలు. అది నీటికి జానెడు ఎత్తులో, నడిమి కుంగకుండా తాడు బిగించి ఉండాలి.